చెవి మడత

కిందటి వారం మన డాక్టరమ్మను ఆస్పత్రి మెట్ల మీద వదిలేశాం. చేతిలో టీ గ్లాసు, ముఖంలో బరువు దించుకున్న తేలిక. మధ్యలో కథ అందుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఆమె పనిచేసేది అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో. ఆమె వదిన, అంటే అన్న భార్య, రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోగొట్టుకుని ఈసారి నిలబెట్టుకుంది. షుగరు ఉంది. నెలలు నిండాయి కదా, ఇంకా ఆగితే ప్రమాదమని ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు. రెండున్నర కిలోలు దాటి, బుగ్గలు ఉబ్బించుకుని, లోకం మీద ఏదో ఫిర్యాదు ఉన్నవాడిలా ముఖం పెట్టుకుని పుట్టాడు. చూసినవాళ్ళంతా వాడికి 'పెద్దమనిషి' అని పేరు పెట్టేశారు. మొదటి రెండు రోజులు ఊపిరి బరువుగా తీశాడు. ఆక్సిజన్ పెట్టారు. తరవాత సర్దుకుని తల్లి గదికి చేరాడు. డాక్టరమ్మ హమ్మయ్య అనుకుంది, మనమూ అనుకున్నాం.

టీ అయ్యాక ఆమె తిన్నగా వదిన గదికే వచ్చింది. ఎండ మంచం సగం దాకా పరుచుకుంది. డాక్టరమ్మ వాళ్ళ అమ్మ, అంటే వదినకు అత్తగారు, కిటికీ దగ్గర సామాను సర్దుతోంది. సర్దడమంటే ఉన్నవన్నీ ఒక సంచిలో పెట్టి, మళ్ళీ తీసి, ఇంకో సంచిలో పెట్టడం. రేపు పొద్దున్నే ప్రయాణం. అన్న ఉద్యోగం చేసే ఊరు కారులో రోజంతా దూరం. అక్కడ ఉన్న ఆస్పత్రి జ్వరానికీ దగ్గుకూ తప్ప ఇంకదేనికీ పనికిరాదు.

"అమ్మాయ్, వాడి టోపీ తడిసినట్టుంది, మార్చు. నా చేతులకి సంచుల దుమ్ము" అంది అమ్మ.

వదిన మంచం మీద కూర్చుని బిడ్డకు పాలు పట్టే ప్రయత్నంలో ఉంది. వాడు రెండు గుక్కలు తాగడం, కళ్ళు మూసుకోవడం. అరికాలు గీకితే మళ్ళీ రెండు గుక్కలు.

"చూడవే డాక్టరమ్మా, మీ అన్న బుద్ధులే. తినడం మొదలుపెడితే నిద్రొచ్చేస్తుంది" అంది వదిన.

"మా అన్న తిండి దగ్గర ఎప్పుడు నిద్రపోయాడు? లేనిపోని నిందలు వేయకు" అంటూ డాక్టరమ్మ వంగి టోపీ తీసింది.

కుడి చెవి టోపీ కింద ముందుకు మడత పడి ఉంది. ఇలాంటి చెవులు ఆమె ఎన్నో చూసింది. టోపీ తీయగానే టక్కున లేచి యథాస్థానానికి వస్తాయి. నెలలు నిండిన పిల్లల చెవిలో మెత్తటి ఎముక గట్టిపడి ఉంటుంది కాబట్టి మడిచినా నిలవదు. ఈ చెవి లేవలేదు. కాసేపు అలాగే పడుకుని, తరవాత ఎవరో బతిమాలితే లేస్తున్నట్టు మెల్లగా విచ్చుకుంది. డాక్టరమ్మ ఎడమ చెవిని వేలితో మడిచి వదిలింది. అదీ అంతే.

ఆమె మళ్ళీ కుడి చెవిని మడిచి వదిలి చూసింది.

"ఏమైంది?" అంది వదిన.

"ఏం లేదు. వీణ్ణి ఒకసారి వార్డుకు తీసుకెళ్ళి బరువు చూసి తెస్తా."

"పొద్దున్నేగా చూశావు?"

"మా తూకం మీద నమ్మకం లేదు" అని నవ్వి, డాక్టరమ్మ బిడ్డను తొట్టిలో పడుకోబెట్టి బయటికి తోసుకుపోయింది. వదిన నవ్వలేదు.

పుట్టిన బిడ్డ కడుపులో ఎన్ని వారాలు ఉన్నాడో ఒళ్ళు చూసి చెప్పే పద్ధతి ఒకటుంది. మణికట్టును వంచితే అరచేయి ముంజేతికి ఎంత దగ్గరగా వస్తుందో చూస్తారు. మోచేతిని రొమ్ము మీదుగా రెండో భుజం వైపు లాగి, ఎక్కడ ఆగుతుందో చూస్తారు. మడమను చెవి వైపు తీసుకెళ్తారు. చర్మం పలచనా మందమా, వీపు మీద నూగు ఉందా రాలిందా, చనుమొన కింద గింజ తగులుతుందా, అరికాలి మీద గీతలు ఎంత దూరం వచ్చాయి, చెవి ఎలా లేస్తుంది, అన్నిటికీ మార్కులు వేసి కూడితే వారాలు తేలతాయి. మూడో నెల లోపల తీసిన స్కాను ఉంటే దానంత నమ్మకమైనది ఇంకోటి లేదు. అది లేనప్పుడు తల్లి చెప్పిన తేదీ, డాక్టరు చేతులు. ఆ రెండూ కలిస్తే అందరూ నిశ్చింతగా ఇంటికి పోతారు.

ఈ వార్డులో దీనికి ఒక ఆచారం ఉంది. బిడ్డను చూడటం అయ్యేదాకా ఫైలు తొట్టి కాళ్ళవైపు బోర్లా ఉండాలి. తల్లి చెప్పిన తేదీ చూసేవాళ్ళ చెవిన పడకూడదు. పడిందంటే చేతులు ఆ తేదీకి తగ్గట్టే చూస్తాయని వార్డును నడిపే పెద్దమేడం నమ్మకం. రెండో రోజు సాయంత్రం మేనల్లుణ్ణి చూసినప్పుడు డాక్టరమ్మ కూడా నియమం తప్పకుండా ఫైలును బోర్లానే పెట్టింది. ఏం లాభం? ఆ తేదీ ఆమె తలలో నెలల తరబడి కాపురం చేస్తోంది. ఫోన్లో వదిన చెప్పిన దాన్ని బట్టి వారం వారం లెక్క కట్టింది ఆమే. మేనత్తగా మురిసిపోతూ చూసింది, చూడాలనుకున్నది కనిపించింది.

పెద్దమేడం తన గదిలో చేతులు గోరువెచ్చటి నీళ్ళలో ముంచుకుని ఉంది. చల్లటి చేతులతో ఏ బిడ్డనూ ముట్టుకోదు. అందుకే నర్సులు ఆమెను చాటుగా వేన్నీళ్ళ మేడం అంటారు. ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

"మేడం, ఒక బిడ్డను చూడాలి."

"తేదీ చెప్పకు."

"చెప్పను."

"ఎవరి బిడ్డ?"

"అదీ చెప్పను మేడం."

పెద్దమేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. "అయితే మీ ఇంటి బిడ్డే" అని చేతులు తుడుచుకుంటూ లేచింది.

ఆమె చూస్తున్నంతసేపూ మాట్లాడదు. పెద్దమనిషి చేయి రొమ్ము మీదుగా లాగితే మోచేయి మధ్య గీత దగ్గర ఆగాల్సింది, సులువుగా అవతలికి జరిగింది. మణికట్టు వంచితే చూపుడువేలు పట్టేంత సందు మిగిలింది. వాణ్ణి బోర్లా తిప్పి, వీపును వెలుతురుకు పెట్టి చూసింది. నడుము దగ్గరా భుజాల మీదా సన్నటి నూగు. వాడు ఒకసారి మూలిగి, మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. చెవులు మాత్రం ఆఖర్న చూసింది.

"తల్లికి షుగరు ఉందా?"

"ఉంది మేడం."

"అనుకున్నాను. ఆ బరువు షుగరు పెట్టిన బరువు. వయసు ముప్పై మూడు వారాలు. ఒక వారం అటూ ఇటూ."

"నేను ముప్పై ఏడు వేశాను."

"ఎప్పుడు చూశావు?"

"రెండో రోజు సాయంత్రం."

"అరికాళ్ళకు మార్కులు నిండుగా వేసి ఉంటావు."

"వేశాను."

"పుట్టిన పూట చూడాలని నీకు నేను చెప్పాలా? ఒళ్ళు ఆరాక ఎవరి అరికాలు చూసినా గీతలే. నాది చూసినా నిండుగానే ఉంటుంది."

"తెలుసు మేడం."

"తెలిసే వేశావు. మేనత్తవు కదా" అంది పెద్దమేడం. గొంతులో కోపం లేదు. అదే డాక్టరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. నాలుగు వారాలు తప్పు చూసి, ఆ తప్పును నవ్వుతూ అందరికీ పంచిపెట్టినందుకు ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దమేడం బిడ్డకు తనే టోపీ పెట్టింది. "పాలు తాగుతూ నిద్రపోతున్నాడా? అది బద్ధకం కాదు, వయసు చాలక. ఆ మొదటి రోజుల ఊపిరి బరువు కూడా అందుకే. రేపు పంపకండి. ఇక కళ్ళ సంగతి."

కళ్ళ సంగతి ఏమిటో డాక్టరమ్మకు తెలుసు. మనకూ తెలియాలి. ముందుగా పుట్టిన పిల్లలకు కంటి వెనక రక్తనాళాలు ఇంకా అల్లుకుంటూనే ఉంటాయి. అవి దారి తప్పి పెరగవచ్చు, ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో ఇంకాస్త ఎక్కువగా. పైకి ఏమీ తెలియదు, కళ్ళు చక్కగా నవ్వుతూనే ఉంటాయి. పుట్టిన నెలలోపు కళ్ళ డాక్టరు లోపలికి చూసి, అవసరమైతే వెంటనే వైద్యం చేస్తే చూపు నిలుస్తుంది. ఆ అదును దాటితే మళ్ళీ రాదు. కళ్ళ డాక్టరు ఇక్కడికి వారానికోసారి వస్తాడు. ముప్పై నాలుగు వారాల లోపు పుట్టినవాళ్ళ తొట్టికి, మరీ బరువు తక్కువవాళ్ళ తొట్టికి, ఒక పసుపు పట్టీ కట్టి పోతాడు. పట్టీ ఉన్న బిడ్డను వెంటాడి మరీ చూస్తారు. లేని బిడ్డను ఎవరూ అడగరు.

"ఇవాళ వస్తాడుగా, చెప్పి కట్టిస్తాను" అంది డాక్టరమ్మ.

"ఏమని చెబుతావు? మొన్న ముప్పై ఏడు అన్నావు, ఇవాళ ముప్పై మూడు అంటావు. బిడ్డేమో కండపట్టి ఉన్నాడు. నా చేతుల లెక్కకూ వారం తేడా ఉంటుంది, ముప్పై నాలుగు అనుకున్నా చాలు, నాకెందుకు అని పోతాడు. ఆయన తల్లి మాటే నమ్ముతాడు. నెల తేడా ఊరికే రాదు. వెళ్ళి తల్లిని అడుగు."

డాక్టరమ్మ బిడ్డతో గదికి తిరిగి వచ్చేసరికి అమ్మ మూడో సంచి మొదలుపెట్టింది.

"అమ్మా, రేపు కారు ఎన్నింటికి వస్తుందో అన్నయ్యను అడిగి రా."

"ఫోను లేదా?"

"నువ్వు అడిగితే సరిగ్గా చెబుతాడు."

"నన్ను పంపించేసి నా మీద చెప్పుకుంటారా? కానివ్వండి" అని గొణుక్కుంటూ అమ్మ వెళ్ళింది.

వదిన చేతులు చాచింది. డాక్టరమ్మ వాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఏమని అడగాలో దారంతా ఆలోచించింది. తప్పు చెప్పావా అని అడిగితే వదిన లేదనే అంటుంది. అందుకని అడగకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"వదినా, నువ్వేం చెప్పకు, విను. వీడు ముప్పై మూడు వారాలకు పుట్టాడు. ఎనిమిదో నెలలో. నువ్వు చెప్పిన తేదీకి నెల తక్కువ."

వదిన బిడ్డ వేళ్ళు విడదీసి చూస్తోంది. ఒక్కొక్క వేలూ తెరిచి, మూసి.

"వాణ్ణి చూస్తే తెలిసిపోతుందా?" అంది చివరికి.

"తెలుస్తుంది. మొన్నే తెలియాలి. నేనే సరిగ్గా చూడలేదు."

"నువ్వు సరిగ్గా చూడలేదనే నేను రెండు రోజులు హాయిగా నిద్రపోయాను" అంది వదిన. ఆ మాటతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాని గొంతు మామూలుగానే ఉంది. "ముందు రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది కదా. ఆ నెలంతా మీ అమ్మ నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. మీ అన్న ఆఫీసు నుంచి గంటకోసారి ఫోను. ఏమైనా తేడాగా ఉందా, ఏమైనా తేడాగా ఉందా. వాళ్ళ భయం చూస్తుంటేనే నాకు పోతుందేమో అనిపించేది. ఈసారి రెండో నెల నిండగానే మూడో నెల దాటిపోయిందని చెప్పేశాను. అంతే, ఇల్లంతా తేరుకుంది. మీ అమ్మ నవ్వింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను."

"మొదటి స్కాను?"

"ఎగ్గొట్టాను. ఒకసారి తలనొప్పి, ఒకసారి మిషను పాడైందన్నారని. ఏడో నెలలో వెళ్తే బిడ్డ అప్పటికే పెద్దగా ఉన్నాడు. తేదీకి సరిపోయిందన్నారు. దేవుడే నా అబద్ధాన్ని సరిచేశాడనుకున్నా."

డాక్టరమ్మకు ఆమె మీద కోపం రాలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగింది కాబట్టి అమ్మ భయం ఎంత గట్టిగా చుట్టుకుంటుందో ఆమెకు తెలుసు. కాని అడగాల్సింది ఇంకొకటి మిగిలింది.

"ఆపరేషన్ తేదీ పెట్టినప్పుడు నీకు తెలుసు కదా వదినా, ఇంకా నెల ఉందని. అప్పుడైనా ఎందుకు నోరు విప్పలేదు?"

వదిన బిడ్డ టోపీని చెవుల మీదికి లాగింది.

"విప్పుదామనే పడుకున్నా ఆ రాత్రి. పొద్దున్న లేచి చెబుదామనుకున్నా. ఆ కాన్పు డాక్టరు అన్నాడు కదా, షుగరు ఉన్నవాళ్ళకి ఆఖర్లో లోపలే పోయే ప్రమాదం ఉంటుందని. అది విన్నాక నాకింక కాలు నిలవలేదు. లోపల ఉన్నంతసేపూ వాణ్ణి నా ఒళ్ళే కాపాడాలి. నా ఒళ్ళు రెండుసార్లు కాపాడలేదు. బయటికొస్తే నీ చేతుల్లో ఉంటాడు. అంతే అనుకున్నా. నీ చేతుల్లో ఉంటే వాడికి ఏమీ కాదనుకున్నా."

డాక్టరమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఏడుపు వచ్చింది. డాక్టరునని గుర్తుచేసుకుని ఆపుకుంది.

కళ్ళ సంగతి ఆమె మెల్లగా, దాచకుండా చెప్పింది. వదిన అంతా విని, బిడ్డ రెప్పల మీద వేలితో తాకి, "ఇప్పుడేం చేయాలి?" అంది.

"కళ్ళ డాక్టరుకి నిజం చెప్పాలి. ఇవాళే."

"ఆయన ఒక్కడికీ చెప్పు. మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాను. నాకు రెండు రోజులు టైమివ్వు. మీ అమ్మ ముందు మాత్రం వద్దే. నీకు దణ్ణం పెడతాను."

"సరే" అంది డాక్టరమ్మ. అంత తేలిగ్గా మాట ఇవ్వకూడదని ఆమెకు తెలుసు, అయినా ఇచ్చింది. తొట్టిలో బిడ్డను పడుకోబెట్టుకుని, కళ్ళ డాక్టరును పట్టుకుందామని తలుపు తెరిచింది.

ఆయన వెతుక్కునే పని పెట్టలేదు. వరండాలో గది ముందే నిలబడి ఉన్నాడు. సరదా మనిషి, నోట్లో ఎప్పుడూ ఏలక్కాయ నములుతుంటాడు. ఆయన పక్కన అన్న, అన్న వెనక అమ్మ. రేపు ఇంటికి పోయే పిల్లల్ని తను వెళ్ళేముందు ఒకసారి చూసిపోవడం ఆయన అలవాటు.

"ఇదిగో సార్, మావాడు. పెద్దమనిషి" అన్నాడు అన్న, తొట్టి అంచు పట్టుకుని. ఆ ముఖంలో వెలుగు చూసి డాక్టరమ్మ తొట్టిలో దుప్పటి సర్దసాగింది.

"ఎన్ని వారాలు?"

"నెలలు నిండాయి సార్. మా చెల్లెలే చూసింది, ముప్పై ఏడు" అన్నాడు అన్న గర్వంగా.

"ఇంకేం, గుండ్రాయిలా ఉన్నాడు. వీడితో నాకు పనిలేదు. బాబూ, అద్దాలు కావాలంటే ఇరవై ఏళ్ళకు రా" అని కళ్ళ డాక్టరు నవ్వి, చేతి సంచి భుజానికి తగిలించుకుని లిఫ్టు వైపు కదిలాడు. పసుపు పట్టీల చుట్ట ఆ సంచి జేబులోంచి బయటికి కనిపిస్తోంది.

"సార్, ఒక్క నిమిషం. ఇలా పక్కకు వస్తారా?" అంది డాక్టరమ్మ.

అన్న ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది. "పక్కకెందుకు చెల్లాయ్? వాడికేమైనా అయిందా? ఇక్కడే చెప్పు."

"అన్నయ్యా, అది..."

ఇచ్చిన మాట ఒకవైపు, తొట్టిలో నిద్రపోతున్న ఆ రెండు కళ్ళు ఒకవైపు. మాట తప్పడానికే ఆమె సిద్ధపడింది. అంతలో వెనక తలుపు కదిలింది. ఒక చేయి కుట్ల మీద, ఒక చేయి గోడ మీద పెట్టుకుని వదిన గుమ్మంలోకి వచ్చింది.

"దాన్ని అడక్కండి. తేదీ చెప్పింది నేను. నెల ఎక్కువ వేసి చెప్పాను" అంది. "డాక్టరుగారూ, మీరు వెళ్ళకండి. వీడికి ముప్పై మూడు వారాలే."

కళ్ళ డాక్టరు వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం చూశాడు, డాక్టరమ్మ ముఖం చూశాడు. సంచి దించి, పసుపు పట్టీ ఒకటి తీసి, వంగి తొట్టి కమ్మీకి ముడి వేశాడు. అమ్మ గోడకున్న బల్ల మీద కూర్చుండిపోయింది. ఆమెకు మాటలు కరువైన సందర్భం ఆ కుటుంబంలో ఎవరికీ గుర్తులేదు.

"అన్నయ్యా, తప్పు నాదీ ఉంది. నేను సరిగ్గా చూసి ఉంటే..." అంది డాక్టరమ్మ.

అన్న ఆమె మాట వినలేదు. భార్యనే చూస్తున్నాడు.

"ఆపరేషన్‌కి సంతకం పెట్టమన్నప్పుడు నేను నిన్ను అడిగాను" అన్నాడు. గొంతు పెంచలేదు. "నెలలు నిండాయా అని అడిగే పెట్టాను."

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"నిండాయని చెప్పాను."

అన్న తల ఊపాడు. ముడి సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నవాడిలా పసుపు పట్టీని ఒకసారి వేళ్ళతో పట్టి చూశాడు. తరవాత తొట్టిని చెల్లెలి చేతుల్లోంచి తీసుకుని వార్డు వైపు తిప్పాడు. వదిన గోడ వదిలి అడుగు ముందుకు వేసింది. డాక్టరమ్మ కూడా కదిలింది.

"మీరిద్దరూ ఇక్కడే ఉండండి" అన్నాడు అన్న, వెనక్కి చూడకుండా. "ఇకనుంచి వాడి గురించి ఏం తెలుసుకోవాలన్నా నేనే అడిగి తెలుసుకుంటాను."

తొట్టి చక్రాలు వరండా పొడవునా చప్పుడు చేసుకుంటూ పోయాయి. కళ్ళ డాక్టరు కూడా అన్న వెంట లోపలికి నడిచాడు. వార్డు తలుపు మూసుకుంది.